కొత్త ఫ్లాగ్‌షిప్పా, నిరుటిదా, ఉన్న ఫోన్‌కే కొత్త బ్యాటరీయా?

చేతికొచ్చిన మొదటి వారంలో ఏ ఫ్లాగ్‌షిప్ ఫోనైనా, అంటే కంపెనీ పై శ్రేణి ఫోనేదైనా, బాగానే ఉంటుంది. స్టోరేజీ ఖాళీ, అందుకే యాప్‌లు టక్కున తెరుచుకుంటాయి. తెర వెలుగు ఎక్కువ, అందుకే పాత ఫోటోలు కూడా మెరిసిపోతాయి. లక్ష రూపాయలు పోశాక మనసు కూడా ఫోన్ పక్షానే మాట్లాడుతుంది. ఆ ముచ్చట్లు విని ఫోన్ ఎంచుకుంటే మూడో ఎండాకాలానికి చిక్కొస్తుంది. వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. మే నెల ఎండకు అది ఎట్లా నిలబడుతుంది? తెర పగిలితే ఎక్కడికి పోవాలి? అప్‌డేట్లు ఏ ఏడాది దాకా వస్తాయి? కెమెరా మీ పనికి పనికొస్తుందా?

మొదటి వారం దేన్ని నమ్మాలి?

బ్యాటరీ విషయంలో మొదటి మూడు నాలుగు రోజులు లెక్కలోకి రావు. పాత ఫోన్ నుంచి వచ్చిన వేల ఫోటోల్లో ముఖాలు గుర్తుపట్టడం, క్లౌడ్ నుంచి ఫైళ్లు దించుకోవడం, యాప్‌లను కొత్త ప్రాసెసర్‌కు సర్దుకోవడం అన్నీ వెనకాల నడుస్తుంటాయి. ఫోన్ వెచ్చబడుతుంది, సాయంత్రానికే ఛార్జింగ్ అడుగుతుంది. ఇది చూసి 'బ్యాటరీ దండగ' అని తేల్చేయొద్దు. వారం దాటాక కూడా అట్లాగే ఉంటే అప్పుడు సెట్టింగ్స్‌లో ఏ యాప్ తింటుందో చూడాలి.

కెమెరాలో దీనికి తిరగబడ్డ పొరపాటు జరుగుతుంది, ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. కొత్త ఫోన్లు హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా పట్టే) ఫోటోను తమ తెర మీద మరింత వెలుగుతో చూపిస్తాయి. పాత ఫోన్‌తో, కొత్త ఫోన్‌తో ఒకే చోట నిలబడి ఒకే ఫోటో తీసి, రెండింటినీ ఒకే ల్యాప్‌టాప్‌లోనో ఇంట్లో టీవీలోనో చూడండి. పగటి ఫోటోల్లో మూడేళ్ల నాటి ఫ్లాగ్‌షిప్‌కూ కొత్తదానికీ తేడా చాలాసార్లు వెతుక్కోవాలి. తేడా ఉంటే జూమ్‌లో, సందె వెలుగులో, కదిలే మనుషుల్లో కనబడుతుంది.

మొదటి రెండు రోజుల్లో నమ్మదగ్గవీ కొన్ని ఉన్నాయి. బరువు, చేతిలో పట్టు, ఇంటి లోపలి గదుల్లో సిగ్నల్, తడి వేలికి ఫింగర్‌ప్రింట్ పనిచేయడం లాంటివి ఆ తర్వాతా మారవు. రాత్రి వెలుగు తగ్గించి చదువుతుంటే కళ్లు లాగడమూ అంతే. ఓలెడ్ తెరలు వెలుగు తగ్గించడానికి సెకనుకు వందలసార్లు ఆరి వెలుగుతాయి, కొందరికి అది పడదు. ఐఫోన్ 17లో దీన్ని ఆపే సెట్టింగ్ యాక్సెసిబిలిటీలో ఇచ్చారు. కొన్ని వన్‌ప్లస్ ఫోన్లలో ఈ వేగం చాలా ఎక్కువ కాబట్టి బాధ తక్కువ. తలనొప్పి వచ్చేవాళ్లు కొనేముందే షాపులో వెలుగు పూర్తిగా తగ్గించి పది నిమిషాలు చదివి చూడటం మంచిది.

గెలాక్సీ అల్ట్రా కొన్నవాళ్లకు ఒక మాట. తెర క్యూహెచ్‌డీ ప్లస్ అయినా పెట్టెలోంచి తీసినప్పుడు ఫుల్ హెచ్‌డీ ప్లస్‌లోనే ఉంటుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మార్చుకోవాలి.

ముందు చేతిలో ఉన్న ఫోన్ సంగతి

మారాలా వద్దా అనేదానికి మొదటి కొలత అప్‌డేట్ల గడువు. శాంసంగ్ ఎస్22, ఎస్23లకు నాలుగు ఆండ్రాయిడ్ వెర్షన్లు, అయిదేళ్ల సెక్యూరిటీ అని మాటిచ్చింది. అంటే 2022లో వచ్చిన ఎస్22కు 2027తో, 2023లో వచ్చిన ఎస్23కు 2028తో సరి. ఎస్24 నుంచి ఏడేళ్లు. పిక్సెల్ 8 నుంచి కూడా ఏడేళ్లే. వన్‌ప్లస్ 13కు నాలుగు వెర్షన్లు, ఆరేళ్ల సెక్యూరిటీ. యాపిల్ ఇంతని ముందే చెప్పకపోయినా 2019 నాటి ఐఫోన్ 11కు కూడా 2025లో ఐఓఎస్ 26 ఇచ్చింది.

కాబట్టి ఐఫోన్ 13, ఎస్23 లాంటివి వాడుతూ 'మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతుంది' అనేదొక్కటే బాధైతే, మీకు కావాల్సింది బ్యాటరీ. ఐఫోన్‌లో బ్యాటరీ హెల్త్ 80 శాతం కంటే దిగిందా చూడండి. గెలాక్సీలో శాంసంగ్ మెంబర్స్ యాప్‌లోని డయాగ్నస్టిక్స్‌లో బ్యాటరీ స్థితి కనబడుతుంది. ఐఫోన్ 14 వరకు బ్యాటరీలు 500 పూర్తి ఛార్జింగుల దాకా 80 శాతం నిలిచేలా చేసినవి, 15 నుంచి ఆ లెక్క 1,000. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ మార్పిస్తే కొత్త ఫ్లాగ్‌షిప్ ధరలో పదో వంతుకు అటూ ఇటూ అవుతుంది, ఫోన్ ఇంకో రెండేళ్లు నడుస్తుంది. రోడ్డు పక్క దుకాణంలో సగం ధరకు వేసే బ్యాటరీతో చిక్కేమిటంటే, వెనక గాజు తెరిచాక నీళ్లు చొరకుండా ఉండే జిగురు సరిగ్గా పడదు. ఆ తర్వాత నీళ్లు, దుమ్ము తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తింపు పేరుకే మిగులుతుంది.

ఎస్21, వన్‌ప్లస్ 9, అంతకు ముందువి వాడేవాళ్ల సంగతి వేరు. అప్‌డేట్లు అయిపోయిన ఫోన్‌లో బ్యాంకు యాప్‌లు పెట్టుకుని తిరగడం కంటే మారడమే నయం.

నిరుటిదా, ఈ ఏటిదా?

'ఎప్పుడూ నిరుటి మోడలే కొను' అనే సలహా సగమే నిజం. ఒక్కో జతకు ఒక్కో తీర్పు.

గెలాక్సీ ఎస్24 అల్ట్రా, ఎస్25 అల్ట్రా జతలో పాతదానికే మొగ్గు. రెండింటి విడుదల ధరా ₹1,29,999. రెండింట్లోనూ 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ, 45 వాట్ల ఛార్జింగ్, 200 మెగాపిక్సెల్ ప్రధాన కెమెరా ఉన్నాయి. ఎస్25 అల్ట్రా 218 గ్రాములతో కాస్త తేలికైంది, అల్ట్రావైడ్ 12 నుంచి 50 మెగాపిక్సెల్‌కు పెరిగింది, ప్రాసెసర్ మెరుగైంది. కానీ ఎస్ పెన్‌లో బ్లూటూత్ తీసేశారు, పెన్ను నొక్కి దూరం నుంచి ఫోటో తీసే సదుపాయం పోయింది. మధ్యలో ₹20,000 తేడా దొరికితే ఎస్24 అల్ట్రా తీసుకోవచ్చు.

మామూలు ఎస్24, ఎస్25 దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. మన దేశంలో ఎస్24 విడుదలైనప్పుడు దానికి ఎక్సినాస్ 2400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఇచ్చారు. ఎస్25కు స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్, 12 జీబీ. వేడి, బ్యాటరీ రెండింట్లోనూ తేడా తెలుస్తుంది. ఇక్కడ కొత్తదే కొనాలి.

ఐఫోన్ 16, 17 జతలోనూ కొత్తదే. 17 విడుదలయ్యాక 16 ధర ₹69,900కు దిగింది, 17 విడుదల ధర ₹82,900. ఆ ₹13,000కు 128 జీబీకి బదులు 256 జీబీ, 60 హెర్ట్జ్‌కు బదులు 120 హెర్ట్జ్ తెర వస్తాయి. 17 ప్రో విడుదల ధర ₹1,34,900. పైన పెట్టే ₹52,000లో ఎక్కువ భాగం జూమ్ కెమెరాకు, వేడిని తట్టుకునే ఒంటికి పెడుతున్నట్టే. ఆ రెండూ అక్కర్లేనివాళ్లకు 17 చాలు.

వన్‌ప్లస్ 13, 15 మధ్య మనిషిని బట్టి చెప్పాలి. 15లో బ్యాటరీ 6,000 నుంచి 7,300 ఎంఏహెచ్‌కు పెరిగింది. బదులుగా కెమెరా సెన్సార్లు చిన్నవయ్యాయి, హాసెల్‌బ్లాడ్ పేరు పోయింది, తెర రిజల్యూషన్ కాస్త దిగింది. రోజంతా రోడ్ల మీద తిరిగే మెడికల్ రెప్పుకు 15, ఫోటోలు ముఖ్యమైనవాళ్లకు 13.

ఏఐ కోసం మాత్రం పైసలు ఎక్కువ పెట్టొద్దు. తెలుగులో మాట్లాడే జెమిని పదిహేను వేల ఫోన్‌లోనూ వస్తుంది. కాల్ రికార్డింగ్ అవసరమున్న వ్యాపారులకు ఇంకో సంగతి: ఐఫోన్‌లో, గూగుల్ డయలర్‌లో రికార్డు మొదలవగానే అవతలివాళ్లకు వినబడేలా ప్రకటన వస్తుంది. శాంసంగ్ సొంత డయలర్‌లో అది లేదు.

ఎండ

ఐఫోన్ వాడేందుకు యాపిల్ చెప్పే బయటి ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో రామగుండం, భూపాలపల్లి వైపు 45 దాటే రోజులుంటాయి. అంటే మన ఎండాకాలంలో ఫోన్ రోజూ కంపెనీ గీసిన గీత బయటే పనిచేస్తుంది. అప్పుడు ముందు తెర వెలుగు దానంతటదే తగ్గిపోతుంది. ఆ తర్వాత ఛార్జింగ్ ఆగుతుంది, ఫ్లాష్ పనిచేయదు, వీడియో రికార్డింగ్ మధ్యలో తెగుతుంది. ఇదేదీ ఫోన్ పాడవడం కాదు, తనను తాను కాపాడుకోవడం. ప్రకటనలో చెప్పిన 3,000 నిట్ల వెలుగు ఎండలో కొద్దిసేపే ఉంటుందని మాత్రం తెలిసి కొనాలి.

ఐఫోన్ 17 ప్రోలో టైటానియం వదిలేసి అల్యూమినియం ఒళ్లు, లోపల వేడిని పరిచి చల్లార్చే వేపర్ చాంబర్ పెట్టారు. అల్యూమినియం వేడిని తొందరగా బయటికి పంపుతుంది, కాబట్టి చేతికి వెచ్చగా తగిలినా లోపలి ప్రాసెసర్ అంత తొందరగా నెమ్మదించదు. మామూలు 17లో వేపర్ చాంబర్ లేదు.

బ్యాటరీ ఆయుష్షు ఎక్కువగా తరిగేది వేడి, పూర్తి ఛార్జింగ్ రెండూ కలిసినప్పుడు. కూలర్ లేని గదిలో రాత్రంతా 100 శాతం దగ్గర ఉంచొద్దు. ఐఫోన్ 15 నుంచి పైవాటిలో, గెలాక్సీలో, పిక్సెల్‌లో, వన్‌ప్లస్‌లో 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంది. మార్చి నుంచి జూన్ దాకా అది పెట్టి, ఊరెళ్లే రోజు తీసేస్తే సరిపోతుంది. ఎండాకాలంలో వైర్‌లెస్ ఛార్జింగ్ వద్దు, దాంట్లో చాలా కరెంటు వేడిగా పోతుంది.

కాజీపేట నుంచి హన్మకొండకు బైక్ హ్యాండిల్ మీద ఫోన్ బిగించుకుని మ్యాప్ చూసేవాళ్లకు ఎండ కంటే వణుకు ప్రమాదం. కెమెరా లెన్సును కదిలించి స్థిరపరిచే చిన్న అయస్కాంతాలు, సెన్సార్లు బైక్ ఇంజిన్ వణుకుకు దెబ్బతినొచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. లెన్సును అట్లా కదిలించే ఏ కంపెనీ ఫోన్‌కైనా ఈ భయం ఉంది. ఫోకస్ పడక ఫోటోలు మసకబారడం, కెమెరా తెరిస్తే లోపల గరగర చప్పుడు రావడం దాని గుర్తులు. వణుకు తగ్గించే డ్యాంపర్ ఉన్న మౌంట్ కొనండి, లేదా పాత ఫోన్‌ను మ్యాప్‌కు వాడండి.

ఛార్జర్ విషయం. యాపిల్, శాంసంగ్, పిక్సెల్ పెట్టెల్లో అడాప్టర్ ఉండదు. గెలాక్సీ అల్ట్రాకు నమ్మకంగా 45 వాట్లు రావాలంటే పీపీఎస్ (ఫోన్ అడిగినంతే వోల్టేజీ ఇచ్చే పద్ధతి) ఉన్న అడాప్టర్, 5 ఆంపియర్ల కేబుల్ రెండూ ఉండాలి, లేకపోతే 25 వాట్ల దగ్గరే ఆగిపోవచ్చు. వన్‌ప్లస్ పూర్తి వేగం దాని సొంత సూపర్‌వూక్ అడాప్టర్, కేబుల్ జతతోనే.

మిర్చి ఎరుపు, రామప్ప మదనికలు, బతుకమ్మ

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఫోన్ కెమెరా ఆటవస్తువు కాదు. సరుకు రంగు ఫోటోలో చూసే బేరం మొదలవుతుంది. మిర్చి దగ్గరే ఖరీదైన ఫోన్లు కూడా తప్పు చేస్తాయి. ముదురు ఎరుపు పడ్డప్పుడు సెన్సార్‌లో ఎరుపు భాగం నిండిపోయి, కాయ మీది ముడతలు, మెరుపు, మచ్చలు అన్నీ ఒకే ఎర్రటి ముద్దగా కనిపిస్తాయి. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన చపాటా లాంటి లావు, ముదురు రంగు కాయకు ఇది మరీ ఎక్కువ. తేజ కాయ సన్నం, మధ్యలో నీడలు పడతాయి కాబట్టి కాస్త నయం.

సరైన పద్ధతి ఇది. నీలం, ఆకుపచ్చ టార్పాలిన్ కింద తీయొద్దు, ఆ రంగు కాయల మీద పడి ఎరుపు గోధుమరంగుకు తిరుగుతుంది. గోడ నీడలో, పైన ఆకాశం కనబడేచోట పెట్టండి. పక్కన తెల్లకాగితం ఒకటి ఉంచితే రంగు సరిగ్గా కుదిరిందో లేదో చూసేవాళ్లకు తెలుస్తుంది. కాయ మీద వేలుతో తట్టి వెలుగు గీతను కొద్దిగా కిందికి లాగండి, కాయ మీది ముడతలు తిరిగి కనబడేదాకా. మరీ దగ్గరికెళ్లకుండా రెండింతల జూమ్‌తో తీస్తే మీ నీడ పడదు. గెలాక్సీలో సీన్ ఆప్టిమైజర్ ఆపి, తెరను వివిడ్ నుంచి నేచురల్‌కు మార్చండి, లేకపోతే మీకు కనబడే రంగే అబద్ధం. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపితే ఫోటో నలగదు. ఐఫోన్, పిక్సెల్ ఏ సెట్టింగూ మార్చకపోయినా సహజమైన రంగుకు దగ్గరగా ఉంటాయి. ఈ పనికే కొనేవాళ్లకు ఆ రెండూ ముందు.

జూమ్ కావాలా వద్దా తేల్చుకోవడానికి పాలంపేట కంటే మంచి చోటు లేదు. 1213 నాటి రామప్ప గుడి చూరు కింద నల్లరాతి మదనికలు తల ఎత్తి చూసేంత పైన ఉంటాయి. మామూలు కెమెరాతో తీసి కోసుకుంటే నగల చెక్కడం పిండిపిండిగా వస్తుంది. అల్ట్రాలోని 5 ఇంతల 50 మెగాపిక్సెల్ కెమెరా, 17 ప్రోలోని 4 ఇంతల కెమెరా అక్కడ తమ ధర ఏంటో చూపిస్తాయి. అంత పెట్టలేనివాళ్లకు పిక్సెల్ 10 ఉంది, ₹79,999 విడుదల ధర ఫోన్‌లోనే 5 ఇంతల జూమ్ ఇచ్చారు. నునుపైన నల్లరాయి వెనక తెల్లటి ఆకాశం వస్తే రాయి మీదే ఫోకస్ తట్టాలి, లేకపోతే శిల్పం నీడబొమ్మ అయిపోతుంది.

సద్దుల బతుకమ్మ సాయంత్రం పరీక్ష వేరు. సందె వెలుగులో తిరుగుతూ ఆడే ఆడవాళ్లను తీసేటప్పుడు జూమ్ పనికిరాదు, షట్టర్ వేగం కావాలి. తక్కువ వెలుగులో గెలాక్సీ షట్టర్ నెమ్మది, చేతులు చెరిగిపోతాయి అనేది పాత ఫిర్యాదే. ఐఫోన్, పిక్సెల్ ఇందులో మెరుగు. వీడియోలో ఎల్‌ఈడీ లైట్లు గీతలు గీతలుగా ఊగితే, మన కరెంటు 50 హెర్ట్జ్ కావడమే కారణం. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో పాల్ ఫార్మాట్లు తెరిచి 25 ఫ్రేములు పెట్టండి, గెలాక్సీలో ప్రో వీడియోలో షట్టర్ 1/50 పెట్టండి.

మేడారం పోయేవాళ్లకు: ఐపీ68 పరీక్షలు ప్రయోగశాలలో మంచినీళ్లలో చేసేవి. జంపన్నవాగులో మునిగిన ఫోన్‌కు వారంటీ వర్తించదు. దుమ్ము ఛార్జింగ్ రంధ్రంలో గట్టిపడి కేబుల్ వదులవుతుంది. ఫోన్ ఆపి చెక్క టూత్‌పిక్‌తో తీయాలి, సూదితో కాదు. తాడ్వాయి అడవి దాటేటప్పుడు సిగ్నల్ వెతుక్కుంటూ బ్యాటరీ కరిగిపోతుంది, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టడమే మందు.

గల్ఫ్ నుంచి వచ్చే ఫోన్

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లకు దుబాయ్ ఫోన్ కొత్త కాదు. ఐఫోన్ 17 సిరీస్‌తో మాత్రం పరిస్థితి మారింది. యూఏఈ, సౌదీ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్‌లలో అమ్మే 17, 17 ప్రో, ప్రో మ్యాక్స్‌లకు సిమ్ పెట్టే చోటే లేదు, ఫోన్ లోపలే ఉండే డిజిటల్ సిమ్, అంటే ఈసిమ్ మాత్రమే. అమెరికా నుంచి తెచ్చే ఐఫోన్లది 14 నుంచీ ఇదే కథ. ఇక్కడ అమ్మే 17లో సిమ్ ట్రే ఉంది.

ఈసిమ్ నడుస్తుంది. కానీ ఫోన్ ఆగిపోయిన రోజు సిమ్ తీసి ఇంట్లో ఉన్న ఇంకో ఫోన్‌లో వేసుకునే దారి ఉండదు. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి, అంటే ఓటీపీలు కూడా. ఇంట్లో అమ్మానాన్నలకు తెచ్చే ఫోనైతే ఇది పెద్ద అడ్డంకి. యూఏఈలో కొన్న ఐఫోన్లలో ఫేస్‌టైమ్ ఉండకపోవచ్చు. శాంసంగ్ విదేశీ పీసులకు ఇక్కడ ఉచిత వారంటీ దొరకదనే అనుకోవాలి. తేడా పదిహేను వేల లోపైతే ఇక్కడ బిల్లుతో కొన్నదే మేలు.

సర్వీసు, కిస్తీలు

కొనేముందు కంపెనీ వెబ్‌సైట్‌లో మీ పిన్‌కోడ్ (వరంగల్ అయితే 506001) కొట్టి సర్వీస్ సెంటర్ ఉందా చూడండి. ఉంటే ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: 'ఈ మోడల్ తెర ఇక్కడే మారుస్తారా, హైదరాబాద్ పంపుతారా?' పేరుకు సర్వీస్ సెంటరే అయినా కొన్ని చోట్ల ఫోన్ తీసుకుని పంపించడం వరకే చేస్తారు. అప్పుడు వారం పది రోజులు ఫోన్ లేకుండా ఉండాలి. లక్ష పైబడ్డ ఫోన్ల తెరకు ₹20,000 పైనే అవుతుంది కాబట్టి డ్యామేజ్ ప్లాన్‌ను కంపెనీ నుంచే, గడువు లోపల తీసుకోవడం దండగ కాదు.

గ్లాసు వేయించేటప్పుడు జాగ్రత్త. గెలాక్సీ ఎస్ సిరీస్ ఫోన్లు వేలిముద్రను శబ్ద తరంగాలతో చదువుతాయి. మందమైన టెంపర్డ్ గ్లాసు కింద గాలి మిగిలితే అది పనిచేయదు. యూవీ జిగురు గ్లాసు వేసేవాళ్లు తొందరపడితే జిగురు ఇయర్‌పీస్ జాలీలోకి, బటన్లలోకి దిగుతుంది. అల్ట్రా తెర ప్రత్యేకతే వెలుగు తిరిగి కొట్టకపోవడం, దాని మీద మామూలు గ్లాసు వేస్తే ఆ గుణం పోయినట్టే.

'నో కాస్ట్' కిస్తీలు పూర్తిగా ఉచితం కాదు. ₹75,000 ఫోన్‌ను ఆరు నెలలకు ₹12,500 చొప్పున కడితే, 16 శాతం వడ్డీ లెక్కన అందులో సుమారు ₹3,380 వడ్డీ. అది షాపు తగ్గింపుగా ఇస్తుంది, కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ₹600 పైచిలుకు, మీ కార్డుకే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరు. ఒకేసారి కడితే వచ్చే బ్యాంకు తగ్గింపుతో పోల్చి చూడండి.

షాపులో పెట్టె మీకెదురుగా తెరిపించండి. *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) పెట్టె మీది నంబరుతో, బిల్లుతో కలవాలి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు పంపితే ఫోన్ వివరాలు వస్తాయి. ఐఫోన్ అయితే యాపిల్ వెబ్‌సైట్‌లో వారంటీ తేదీ చూడాలి. అది ఇవాళ్టి నుంచి కాక నెల కిందటి నుంచి మొదలైతే ఎవరో ముందే తెరిచారన్నమాట.

మారే రోజు

నెల మొదట్లో కిరాయి కట్టే రోజో, పంట పైసలు పంపాల్సిన రోజో ఫోన్ మార్చొద్దు. కొత్త ఫోన్‌లో యూపీఐ మొదలుపెట్టాక మొదటి 24 గంటలు, ఐఫోన్‌లో కొన్ని బ్యాంకులకు 72 గంటలు, ₹5,000 వరకే పంపనిస్తారు. యూపీఐకి బ్యాంకు నంబరు సిమ్ కొత్త ఫోన్‌లో ఉండాలి, ఎస్సెమ్మెస్ పంపేంత బ్యాలెన్స్ ఉండాలి. రెండు సిమ్‌లుంటే సరైనది ఎంచుకోకపోవడమే 'వెరిఫికేషన్ ఫెయిల్డ్'కు మామూలు కారణం.

డేటాను కేబుల్‌తో మార్చండి, వైఫైతో 100 జీబీ అంటే గంటలు పట్టొచ్చు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు వెళ్లేటప్పుడు వాట్సాప్ చాట్లు 'మూవ్ టు ఐఓఎస్' యాప్‌తో మొదటి సెటప్‌లోనే రావాలి. ఆ దశ దాటేశాక గుర్తొస్తే ఐఫోన్‌ను చెరిపి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఉచిత 15 జీబీలోనే లెక్కకొస్తుంది, చోటు లేకపోతే బ్యాకప్ సగంలో ఆగిపోతుంది. లాగిన్ కోడ్లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్‌లోని ఖాతాలు కొత్త ఫోన్‌లోకి వచ్చాయా చూడండి, రాకపోతే విడిగా ఎక్స్‌పోర్ట్ చేయాలి.

పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేముందు కనీసం వారం దగ్గర ఉంచుకోండి. డెలివరీ అబ్బాయి కొత్తది ఇచ్చి పాతది అక్కడికక్కడే తీసుకుపోయే ఆఫరైతే, ఆ పనులన్నీ తలుపు దగ్గర పది నిమిషాల్లో అయ్యేవి కావు. అట్లాంటప్పుడు ఎక్స్ఛేంజ్ వదిలేసి విడిగా అమ్ముకోవడం మంచిది. ఎట్లా ఇచ్చినా రీసెట్ కొట్టేముందు గూగుల్ ఖాతా తీసేయాలి, ఐఫోన్‌లో 'ఫైండ్ మై' ఆపాలి. రీసెట్ తర్వాత పాత పాస్‌వర్డ్ అడిగే ఫోన్‌ను ఎవరూ తీసుకోరు.